ర్యామిఫికేషన్: అర్థం, పర్యాయపదాలు, వాడుకపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతుకుతున్నాను. ఈ పనిలో కొన్ని మాటలు మాటిమాటికీ కాళ్ళకి అడ్డం పడుతుంటాయి, వాటిలో ర్యామిఫికేషన్ ఒకటి. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలు, గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, ఆఫీసు మెయిల్ రాస్తూ మధ్యలో ఆగిపోయి ఫోన్ చేసే మా బావమరిది, ఇలా అందరూ అడిగినవన్నీ ఒకచోట పెడుతున్నాను. వరుస పెద్దగా ఏమీ పాటించలేదు.

అసలు ఈ మాటకి అర్థం ఏంటి?

కొమ్మలు వేయడం. మాను నుంచి కొమ్మ, కొమ్మ నుంచి రెమ్మ, రెమ్మ నుంచి ఇంకో చిన్న రెమ్మ, ఇలా చీలుకుంటూ పోవడాన్ని ర్యామిఫికేషన్ అంటారు. అలా చీలిన ఒక్కో కొమ్మని కూడా అదే మాటతో పిలుస్తారు. ఇది మొదటి అర్థం. పేపర్లలో, కోర్టు తీర్పుల్లో, ఆఫీసుల్లో మనకి ఎక్కువగా ఎదురయ్యేది రెండో అర్థం: ఒక పని చేస్తే దాని నుంచి పుట్టుకొచ్చే రకరకాల ఫలితాలు, ముఖ్యంగా ముందు ఎవరూ ఊహించనివి, ఒకదాని నుంచి ఒకటి పుట్టేవి. చాలామందికి ఈ రెండోదే తెలుసు, మొదటిది తెలియదు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో రామూస్ అంటే కొమ్మ. దాన్నుంచి ఫ్రెంచ్‌లోకి, ఫ్రెంచ్ నుంచి 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదట్లో వాడింది ఎక్కువగా మొక్కల గురించి, ఒంట్లో రక్తనాళాల గురించి రాసేవాళ్ళు. ఫలితాలు అన్న అర్థం తర్వాత అతుక్కుంది.

ఈ రామూస్ మీకు వేరే చోట్ల కూడా కనిపిస్తుంది. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి సెర్గియో రామోస్ తెలుసు కదా, ఆ ఇంటిపేరుకి అర్థం కొమ్మలు. మన దగ్గర చర్చిలకి వెళ్ళేవాళ్ళు ఈస్టర్‌కి ముందు ఆదివారం మట్టలు పట్టుకుని ఊరేగుతారు, మట్టల ఆదివారం అంటారు, దాన్నే స్పానిష్ వాళ్ళు దొమింగో దె రామోస్ అంటారు, అంటే కొమ్మల ఆదివారం. వాళ్ళు కొమ్మ అని సరిపెట్టుకున్నారు, మనవాళ్ళు మాత్రం ఈత, తాటి, కొబ్బరి చెట్లకి ఉండేది కొమ్మ కాదు మట్ట అని తేడా చూసి మరీ పేరు పెట్టారు. డెంటల్ చదివేవాళ్ళని అడిగితే కింది దవడలో చెవి వైపు నిలువుగా పైకి ఎక్కే భాగాన్ని రేమస్ అంటారని చెబుతారు. అదీ ఇదే మాట.

రాముడికి, రంజాన్‌కి, ర్యామ్ అనే పొట్టేలుకి, కంప్యూటర్ ర్యామ్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు. నన్ను నిజంగానే అడిగారు కాబట్టి చెబుతున్నా.

ఎలా పలకాలి? స్పెల్లింగ్ ఎలా?

ర్యా-మి-ఫి-కే-షన్. ఒత్తు 'కే' మీద పడుతుంది. స్పెల్లింగ్‌లో ఎమ్ ఒక్కటే, రెండు రాయకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ర్యాటిఫికేషన్ వేరే మాట. అది ఒప్పందాన్నో తీర్మానాన్నో ఆమోదించి ఖాయం చేయడం. 'పార్లమెంట్ ఈ ఒప్పందాన్ని ర్యామిఫై చేసింది' అని ఒకాయన రాసి పంపిస్తే, ఒప్పందానికి కొమ్మలెలా వచ్చాయా అని కాసేపు ఆలోచించి, తర్వాత దిద్దాను.

తెలుగులో ఏమనాలి?

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను, ఎందుకంటే నేనే ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను. పని మొదలుపెట్టిన కొత్తల్లో ఆరోగ్యం పుస్తకం ఒకటి వచ్చింది. ఊపిరితిత్తుల పాఠంలో 'ర్యామిఫికేషన్ ఆఫ్ ద బ్రాంకై' అని ఉంది. నాకు తెలిసిన అర్థం ఒక్కటే కాబట్టి ధైర్యంగా 'శ్వాసనాళాల దుష్పరిణామాలు' అని రాసేశాను. కింద బొమ్మ కూడా ఉంది, తలకిందులు చేసిన చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉన్న ఊపిరితిత్తి, దాని కింద నా తెలుగు. అచ్చయ్యాక ఒక డాక్టరుగారు ఫోన్ చేసి, 'బాబూ, ఊపిరి పీల్చుకోవడం కూడా దుష్పరిణామమేనా?' అని చాలా మర్యాదగా అడిగారు. గొంతు కింద గాలిగొట్టం రెండుగా చీలి, అవి మళ్ళీ చీలి, అలా సుమారు 23 సార్లు చీలుకుంటూ పోతే చివర్లో గాలి తిత్తులు వస్తాయి, ఆ చీలడాన్నే అక్కడ ర్యామిఫికేషన్ అన్నారని ఆయనే చెప్పారు. ఆ రోజు నుంచి ఈ మాట కనిపిస్తే ముందు చుట్టుపక్కల చెట్టు ఏదైనా ఉందా అని చూస్తాను.

చెట్టు, నాళం, నరం, నది లాంటివైతే 'శాఖలుగా చీలడం', 'కొమ్మలు వేయడం', 'పాయలుగా విడిపోవడం'. ఏది అక్కడ నప్పితే అది. కొంచెం గంభీరంగా కావాలంటే 'శాఖోపశాఖలుగా విస్తరించడం'. నా లెక్కలో ర్యామిఫికేషన్‌కి ఇంత కచ్చితంగా సరిపోయే మాట మన దగ్గర ఇంకోటి లేదు, శాఖ, దానికి ఉపశాఖ, రెండూ ఒకే మాటలో ఉన్నాయి, ఇంగ్లిష్ మాటలో కూడా అంత స్పష్టంగా లేదు.

ఫలితాల అర్థంలో అయితే డిక్షనరీలు 'పర్యవసానాలు' అని ఇస్తాయి. తప్పేమీ లేదు, కానీ కాస్త ఆగి చూడండి. పర్యవసానంలో ఉన్నది అవసానం, అంటే ముగింపు. అవసాన దశ అంటాం చూడండి, అదే. కథ చివరికి ఏమైంది అని చెప్పే మాట అది. ర్యామిఫికేషన్ చివర గురించి మాట్లాడదు, మధ్యలో ఎన్ని చోట్లకి పాకింది అన్నదాని గురించి మాట్లాడుతుంది. అందుకే నేను చాలాసార్లు 'దీని ప్రభావం ఎక్కడెక్కడికి పాకుతుందో' అనో, 'దీని నుంచి ఏమేం పుట్టుకొస్తాయో' అనో విడమరిచి రాస్తాను. ఒక్క మాటకి నాలుగు మాటలైనా పరవాలేదు. 'పరిణామాలు' కూడా వాడొచ్చు, సైన్స్ పాఠంలో మాత్రం జాగ్రత్త, అక్కడ పరిణామం అంటే జీవపరిణామం అనుకుంటారు. 'దుష్పరిణామాలు' అని మాత్రం అసలు వాక్యంలో చెడు అని ఉంటేనే రాయండి. నా మాట వినండి.

కాన్సీక్వెన్స్ అంటే సరిపోతుంది కదా, ఇదెందుకు?

చాలా చోట్ల సరిపోతుంది. రెడ్ సిగ్నల్ దాటితే చలానా పడింది, అది కాన్సీక్వెన్స్. ఒక కారణం, ఒక ఫలితం, తిన్నగా ఉంటుంది. దానికి ర్యామిఫికేషన్స్ అంటే పూచికపుల్లకి ట్రాక్టర్ కట్టినట్టు ఉంటుంది.

మనందరికీ బాగా తెలిసిన ఉదాహరణ రాష్ట్ర విభజన. ఆ రోజుల్లో టీవీల్లో బైఫర్కేషన్, బైఫర్కేషన్ అని చెవులు చిల్లులు పడేలా విన్నాం. ఆ మాట కూడా చెట్టుకి దగ్గరదే. లాటిన్‌లో ఫుర్కా అంటే పంగ, రెండు కొనల కర్ర. ఒకటి రెండు పంగలుగా చీలడం బైఫర్కేషన్. 2014 జూన్ 2న అది జరిగిపోయింది, ఒక్క రోజు. కానీ దాని ర్యామిఫికేషన్స్ చూడండి. సంస్థల ఆస్తులు ఎవరివి అని విభజన చట్టంలోని తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు మీద పంచాయితీ. పదేళ్ళ ఉమ్మడి రాజధానిగా హైదరాబాద్, అది 2024 జూన్ 2తో ముగిసింది. హైకోర్టు మాత్రం 2019 జనవరి 1న వేరుపడింది. పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రలోకి వెళ్ళాయి, అక్కడివాళ్ళ రేషన్ కార్డులు, ఓట్లు, ఉద్యోగాలు మళ్ళీ వేరే లెక్క. పిల్లల ఇంజనీరింగ్ సీట్ల దగ్గర ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అన్న టెన్షన్. ఆఖరికి బండి నంబర్ ప్లేటు కూడా వదల్లేదు, ఏపీ అని ఉన్నది తెలంగాణలో టీఎస్ అయింది, 2024లో మళ్ళీ టీజీ అయింది. ఒక పంగ నుంచి ఇన్ని కొమ్మలు. వీటన్నిటినీ కలిపి ఒక మాటలో చెప్పాల్సి వస్తే అప్పుడు ర్యామిఫికేషన్స్ అనండి, ఆ మాట పుట్టిందే అందుకు.

రిపర్కషన్, ఇంప్లికేషన్, ఫాలౌట్, ఆఫ్టర్‌మాత్, ఇవన్నీ ఒకటేనా?

థిసారస్, అంటే పర్యాయపదాల డిక్షనరీ తీస్తే అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి, అందుకే దాన్ని ఒంటరిగా నమ్మకూడదు. ఒక్కోదాని కడుపులో ఒక్కో బొమ్మ ఉంది.

రిపర్కషన్‌లో ఉన్నది దెబ్బ. గోడకి కొట్టిన బంతి తిరిగొచ్చి మొహానికి తగలడం. చేసినవాడికే ఎదురుతిరిగే ఫలితం అయితే ఇది బాగుంటుంది. ఇంప్లికేషన్‌లో ఉన్నది మడత, చీర మడతలో దాచిన నోటు లాంటిది, పైకి చెప్పకపోయినా లోపల ఉన్న అర్థం. 'ఆయన మాటల ఇంప్లికేషన్ ఏంటి' అనొచ్చు, అక్కడ ర్యామిఫికేషన్ అనకూడదు. అదే 'ఆయన మాటల ర్యామిఫికేషన్స్' అంటే ఆయన అన్నదాని వల్ల తర్వాత ఎక్కడెక్కడ ఏం జరిగిందో అని. చాలా తేడా ఉంది.

ఫాలౌట్ అణుబాంబు పేలాక పైనుంచి రాలే రేడియోధార్మిక ధూళి. అందుకే దాంట్లో ఎప్పుడూ చెడే ఉంటుంది, పైగా ఒక పేలుడు జరిగి ఉండాలి, రాజకీయ పేలుడైనా సరే.

నాకు వీటిలో అన్నిటికన్నా ఇష్టమైంది ఆఫ్టర్‌మాత్. భూకంపం తర్వాత, తుఫాను తర్వాత పరిస్థితి అన్న అర్థంలో వాడుతున్నాం కదా, కానీ అది కూడా నిజానికి రైతుల మాట. మాత్ అంటే పాత ఇంగ్లిష్‌లో గడ్డి కోత. కోత అయ్యాక అదే మోళ్ళ నుంచి మళ్ళీ మొలిచే రెండో విడత గడ్డి ఆఫ్టర్‌మాత్. మన చెరకు రైతులకి దీన్ని వివరించనక్కర్లేదు, నరికిన మొదళ్ళ నుంచి వచ్చే పిలకల్ని పెంచి రెండో ఏడు తీసే పంటని కార్శి తోట అంటారు. అలా చూస్తే ఆఫ్టర్‌మాత్‌కి అచ్చ తెలుగు కార్శి. తుఫాను వార్తలో అలా రాస్తే మాత్రం ఎడిటర్‌గారు ఊరుకోరు.

మొక్కల అర్థంలో దీనికి పర్యాయపదాలు ఏంటి?

ఇంగ్లిష్‌లో బ్రాంచింగ్ అన్నదే తేలికైన మాట, మామూలు రాతలో అదే వాడండి. ఆర్బొరైజేషన్ అని ఇంకోటి ఉంది, నరాల గురించి రాసేవాళ్ళు వాడతారు. ఫోర్కింగ్ అంటే రెండుగా చీలడం ఒక్కటే. ఆఫ్‌షూట్, అవుట్‌గ్రోత్ అంటే చీలడం అన్న పని కంటే, అలా పుట్టుకొచ్చిన దాన్ని చెబుతాయి. ప్రొలిఫరేషన్ అంటే కొమ్మలతో పనిలేకుండా ఎలాగోలా విపరీతంగా పెరగడం, దాన్ని దీని బదులు వాడకండి.

తెలుగు సంగతికొస్తే, పర్యాయపదం కోసం వెతుక్కోవాల్సిన ఖర్మ మనకి లేదు, మొక్కని బట్టి మాట మారిపోతుంది. వరి అయితే పిలకలు వేస్తుంది, బాగా పిలకలేస్తే దుబ్బు కట్టిందంటాం. అరటికీ పిలకలే. మల్లె గుబురు కడుతుంది. బీర, కాకర తీగ సాగుతుంది, పందిరి అల్లుకుంటుంది. గుమ్మడి నేల మీద పాకుతుంది. మామిడి కొమ్మలేస్తుంది. మర్రి ఊడలు దిగుతుంది. ఇన్నిటికీ కలిపి ఒకటే మాట ఇంగ్లిష్‌లో ఉంటే, దాన్ని తెలుగు చేసేటప్పుడు అది ఏ మొక్కో అడిగి తెలుసుకోవడం మన పని.

కొమ్మ సైజుని బట్టి కూడా అంతే. ఇంగ్లిష్‌లో బౌ అన్నా లిమ్ అన్నా పెద్ద కొమ్మ, బ్రాంచ్ మామూలు కొమ్మ, ట్విగ్ సన్న పుల్ల, స్ప్రిగ్ ఆకులతో ఉన్న చిన్న రెమ్మ. వంటల పుస్తకంలో 'టూ స్ప్రిగ్స్ ఆఫ్ కర్రీ లీవ్స్' అని ఉంటే 'రెండు కరివేపాకు కొమ్మలు' అని తెచ్చినవాణ్ణి నేను చూశాను, రెండు కొమ్మలు వేస్తే అది పోపు కాదు, తోట. రెండు రెమ్మలు చాలు. ట్విగ్ అంటే పుల్ల, పళ్ళు తోముకునే వేపపుల్ల లాంటిది. ఆకులతో విరిచి గుమ్మానికి కట్టేది మండ, వేప మండ. రెండుగా చీలిన చోటు పంగ. మాను వేరు, కొమ్మ వేరు, మోడు వేరు. పాత పద్యాల్లో కొమ్మ అంటే ఆడమనిషి అని కూడా అర్థం ఉంది, కాబట్టి కవిత్వం అనువాదం చేసేవాళ్ళు ఇంకో కంట కనిపెట్టి ఉండాలి.

బోన్సాయ్ వాళ్ళు ర్యామిఫికేషన్ బాగుంది అంటారు, అదేంటి?

అక్కడ ఆ మాటకి పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది. కుండీలోని చిన్న చెట్టు పెద్ద వృక్షంలా కనిపించాలంటే దాని కొమ్మలు కొనల వైపు పోయేకొద్దీ సన్నగా, ఎక్కువ చీలికలతో ఉండాలి. ఆ సన్నని చీలికల అల్లికని వాళ్ళు ర్యామిఫికేషన్ అంటారు. కొనలు తుంచుతూ పోతే అది వస్తుంది.

ఎందుకు వస్తుందో చూడాలంటే బోన్సాయ్ అక్కర్లేదు, పెరట్లో తులసి చాలు. మా అమ్మ రోజూ పొద్దున నీళ్ళు పోసేటప్పుడు గోటితో రెండు మూడు కొనలు గిల్లుతుంది, పూజకి. వెన్ను వచ్చిన కొనలైతే అసలు ఉంచదు. గిల్లిన చోట కాండం ఆగిపోతుంది, దాని కింద ఎదురెదురుగా ఉన్న రెండు ఆకుల మొదట్లో, ఇన్నాళ్ళూ ఆవగింజంత ఉండి కదలకుండా కూర్చున్న మొగ్గలు రెండు లేస్తాయి. వారం పది రోజుల్లో ఒక కొన ఉన్నచోట రెండు కొనలు. వాటినీ గిల్లితే నాలుగు. కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణిచి ఉంచుతుంది, కొన పోతే ఆ పెత్తనం పోతుంది. పెద్దకోడలు పుట్టింటికెళ్తే చిన్నకోడళ్ళు గొంతు విప్పినట్టు అని మా అమ్మకి చెబితే, ఆవిడ పెద్దకోడలే కాబట్టి నవ్వలేదు. కందిలో, చామంతిలో రైతులు తలలు తుంచేది కూడా ఇందుకే, పక్క కొమ్మలు వస్తే పూత పెరుగుతుంది.

మర్రి ఊడలు కూడా ర్యామిఫికేషనేనా?

మాట వరకు కాదు. ఊడ అంటే కొమ్మ నుంచి దిగే వేరు. కొమ్మ చీలితే ర్యామిఫికేషన్, వేరు దిగితే అది వేరే పని. కానీ చూసేవాళ్ళకి ఊడ నేలని తాకి, లావెక్కి, ఇంకో మానులా నిలబడి, దాని దన్నుతో కొమ్మ ఇంకా ముందుకి పోతుంటే ఇదంతా ఒకటే అనిపిస్తుంది. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రికి వెళ్ళి చూడండి, దాదాపు మూడెకరాల చెట్టు, అసలు మాను ఏదో ఊడ ఏదో పోల్చుకోలేరు. దానికి చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో మనుషులకి ఎక్కించినట్టు సెలైన్ బాటిళ్ళతో మందు ఎక్కించి, కొమ్మల కింద దన్నులు కట్టి కాపాడుకున్నారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఇంకా పెద్దది, సుమారు ఐదెకరాలు, 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది.

తెలుగులో 'అవినీతి ఊడలు దిగింది' అంటాం. దాన్ని ఇంగ్లిష్ చేయాల్సి వస్తే ర్యామిఫై అనొద్దు. ఊడలు దిగడంలో పాతుకుపోవడం ఉంది, కదల్చలేకపోవడం ఉంది, అది ఇంగ్లిష్ మాటలో లేదు.

నదులకి వాడొచ్చా?

వాడొచ్చు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది, ఇది అక్షరాలా ర్యామిఫికేషన్. కాకపోతే భూగోళం పుస్తకంలో ఒక్కో పాయకి డిస్ట్రిబ్యూటరీ అన్న మాట ఉంది, అది వాడితే ఇంకా స్పష్టం. తెలుగులో పాయ. ఉపనది అని రాయకండి, అది వచ్చి కలిసేది, ఇది విడిపోయేది. జడకి మూడు పాయలు కూడా ఇదే పాయ, అక్కడ మాత్రం విడదీసి మళ్ళీ కలిపేస్తాం.

లెక్కల్లో కూడా ఈ మాట ఉందట?

ఉంది, చాలా తమాషాగా ఉంది. మామూలు సంఖ్యలకి మైనస్ ఒకటి వర్గమూలాన్ని, అంటే ఐ అనేదాన్ని కలుపుకుంటే ఇంకాస్త పెద్ద సంఖ్యల లోకం వస్తుంది. అక్కడ 5 రెండు వేరువేరు ముక్కలుగా చీలుతుంది: 2+ఐ, 2-ఐ, ఈ రెండిటినీ గుణిస్తే 5 వస్తుంది. 3 చీలకుండా అలాగే ఉంటుంది. 2 మాత్రం చీలుతుంది కానీ వచ్చే రెండు ముక్కలూ నిజానికి ఒకటే, 1+ఐ అన్నదే రెండుసార్లు వస్తుంది. ఇలా రెండూ కలిసిపోయినప్పుడు ఆ సంఖ్య ర్యామిఫై అయిందంటారు. అంటే గణితం వాళ్ళ దృష్టి విడిపోయిన కొమ్మల మీద లేదు, కొమ్మలు కలిసి ఉన్న పంగ మీద ఉంది. నాకు అర్థమయ్యే సరికి రెండు టీలు అయ్యాయి.

ఏకవచనంలో వాడొచ్చా?

ఫలితాల అర్థంలో దాదాపు ఎప్పుడూ బహువచనమే. ఒకే కొమ్మ ఉంటే దాన్ని చీలడం అని ఎవరూ అనరు కదా. 'వన్ ర్యామిఫికేషన్ ఆఫ్ దిస్' అనొచ్చు, తప్పు కాదు, ఇంకా చాలా ఉన్నాయి, అందులో ఒకటి చెబుతున్నా అన్నట్టు. చెట్టు అర్థంలో ఏకవచనం మామూలే. తెలుగు వాక్యంలో ర్యామిఫికేషన్లు అనాలా ర్యామిఫికేషన్స్ అనాలా అంటే, మీ నోటికి ఏది వస్తే అది.

దీని తర్వాత ఏం వస్తాయి, ముందు ఏం వస్తాయి?

తర్వాత 'ఆఫ్' వస్తే కారణం, 'ఫర్' వస్తే అనుభవించేవాళ్ళు. 'ద ర్యామిఫికేషన్స్ ఆఫ్ ద న్యూ రూల్ ఫర్ టెనెంట్ ఫార్మర్స్' అంటే కొత్త రూల్ వల్ల కౌలు రైతులకి జరిగేవి. ముందు ఎక్కువగా వచ్చేవి లీగల్, పొలిటికల్, ఫైనాన్షియల్, సోషల్, ఫార్‌రీచింగ్, సీరియస్. 'మెనీ ర్యామిఫికేషన్స్' కంటే 'వైడర్ ర్యామిఫికేషన్స్' బాగుంటుంది. 'ర్యామిఫై' అనే క్రియ ఉంది కానీ మాటల్లో ఎవరూ వాడరు, వైద్యం పుస్తకాల్లో నరం ర్యామిఫై అయింది అని కనిపిస్తుంది, అంతే.

ఎప్పుడూ చెడు అర్థమేనా?

అసలు మాటలో మంచీ లేదు చెడూ లేదు. వాడుకలో మాత్రం చెడు వైపు వంగిపోయింది, 'ర్యామిఫికేషన్స్ ఉంటాయి' అని మేనేజర్ అంటే బోనస్ గురించి అని ఎవరూ అనుకోరు. 'పాజిటివ్ ర్యామిఫికేషన్స్' అని రాసేవాళ్ళు ఉన్నారు, చదవడానికి కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది, దాని బదులు బెనిఫిట్స్ అనేయండి.

ఆఫీసు మెయిల్‌లో, ఇంటర్వ్యూలో వాడితే ఇంప్రెస్ అవుతారా?

మా బావమరిది ప్రశ్న ఇది. లీవు లెటర్‌లో 'ర్యామిఫికేషన్స్ ఆఫ్ మై ఫీవర్' అని రాశాడు. ఎవరూ ఇంప్రెస్ అవలేదు. చెప్పాల్సిన ఫలితాలు కనీసం మూడు ఉండి, అందులో ఒకటి ఇంకోదానికి దారితీస్తుంటే వాడండి. లేకపోతే ఎఫెక్ట్, రిజల్ట్ హాయిగా ఉంటాయి.

మన సామెతల్లో దీనికి దగ్గరది ఉందా?

'తీగ లాగితే డొంకంతా కదిలింది' చాలా దగ్గర. చిన్న తీగ, దాని వెనక ఎక్కడెక్కడికో అల్లుకుపోయిన డొంక. తేడా ఏంటంటే సామెతలో అల్లిక ముందే ఉంది, లాగాక బయటపడింది, ర్యామిఫికేషన్‌లో అల్లిక మీ పని తర్వాత పుడుతుంది. 'చిలికి చిలికి గాలివాన' అనేది వేరు, అందులో ఒకటే గొడవ పెద్దదవుతుంది, కొమ్మలుగా చీలదు. పరీక్షలో ఇది పెట్టి మార్కులు పోగొట్టుకోవద్దు.

శాఖ అనే మాటని ఈ అర్థంలో వాడితే గవర్నమెంట్ ఆఫీసు గుర్తొస్తోంది, ఏం చేయాలి?

నిజమే. రెవెన్యూ శాఖ, బ్యాంకు శాఖ, ఊళ్ళలో శాఖా గ్రంథాలయం, పెళ్ళి ప్రకటనల్లో గోత్రం పక్కన శాఖ, వేదాల్లో శాఖలు, అన్నీ ఒకే చెట్టువి. కోతిని శాఖామృగం అన్నారు, కొమ్మ మీద తిరుగుతుంది కాబట్టి. మాట్లాడుతూ విషయం వదిలి ఇంకో దాని మీదికి దూకడాన్ని శాఖాచంక్రమణం అన్నారు, ఈ పేజీలో నేను చాలాసార్లు చేసింది అదే. అందుకని చెట్ల గురించి రాసేటప్పుడు కొమ్మ అనండి, శాఖ వద్దు. ఫలితాల గురించి రాసేటప్పుడు శాఖోపశాఖలు అనండి, అక్కడ ఎవరికీ రెవెన్యూ ఆఫీసు గుర్తురాదు. రెవెన్యూ ఆఫీసు గురించే రాస్తుంటే మాత్రం నాకు ఫోన్ చేయండి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.